పోపుకి మోగిన అలారం

నార్త్ కరోలినాలో మా క్యారీ ఊరి ఇంట్లో కారుకి తప్ప సృష్టిలోని సమస్త వస్తువులకీ చోటున్న గది ఒకటుంది. దాన్ని గరాజ్ అంటారు. కారు మాత్రం ఎండకి ఎండుతూ, వానకి తడుస్తూ, వసంతం రాగానే పైన్ చెట్ల పుప్పొడి మీదపడి పసుపు రాసిన పెళ్ళికూతురిలా బయటే నిలబడి ఉంటుంది. లోపల బియ్యం బస్తాలున్నాయి, విమానం చీటీలు ఇంకా తోకల్లా వేలాడుతున్న సూట్‌కేసులున్నాయి, కొన్న వారం మాత్రం నడిచి ఆ తర్వాత మా ఆవిడ చీరలు ఆరేసుకోవడానికి పనికొస్తున్న ట్రెడ్‌మిల్ ఉంది. వాటి వెనకాల ఏముందో పురావస్తు శాఖవాళ్ళు వచ్చి తవ్వితే తప్ప తెలియదు. పోయిన శనివారం మా అమ్మాయి నీహారిక స్క్రూడ్రైవర్ కోసం ఆ తవ్వకాలు జరిపింది. స్క్రూడ్రైవర్ దొరకలేదు. బదులుగా నేను మాస్టర్స్ చదివిన రోజుల కంప్యూటర్ బయటపడింది.

కంప్యూటర్ అంటే ఇప్పటి పిల్లలు ఒళ్ళో పెట్టుకు తిరిగే అప్పడం కాదు. అది బీరువాకి సొంత తమ్ముడు. ఆన్ చేస్తే పక్కింటివాళ్ళు ఆకాశంలోకి చూసేవారు, హెలికాప్టర్ ఏమైనా దిగుతోందా అని. నీహారిక దాని పొట్ట విప్పి, లోపలి డిస్కుని బయటికి లాగి, ఏదో వైరుతో తన పాత స్కూలు లాప్‌టాప్‌కి తగిలించింది. నేను వంటింట్లో పప్పు కడుగుతుంటే హాల్లోంచి కేక వినిపించింది.

"నాన్నా! నీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది! లైక్, రియల్ వైరస్!"

చేతులు తుడుచుకోకుండానే పరిగెత్తాను. తెర మధ్యలో ఎర్ర డబ్బా. ప్రమాదకరమైన ఫైలు దొరికిందట. దాని పేరు చదివేసరికి నాకు నవ్వొచ్చింది. ఆ ఫైలు పేరు తువ్వాలు.

"ఇది ఏంటి నాన్నా? ఎనీవే, డిలీట్ చేస్తున్నాను."

"ఆగు!" అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే వీధి చివర కుక్క మొరిగింది, దానికి జవాబుగా పక్క కౌంటీ కుక్కలు మొరిగాయి. "దాన్ని ముట్టుకోకు. ఆ ఫైలు వైరస్ కాదు. నువ్వు పుట్టకముందు కూడా దాని మీద ఇదే కేసు పెట్టారు. అప్పుడే నిర్దోషని తేలింది."

"హు ఈజ్ దిస్ ఫైల్? యువర్ ఫ్రెండ్?" అంది నీహారిక.

ఒకరకంగా అంతే.

ఇక్కడికి ముప్పావుగంట దూరంలో, యూనివర్సిటీ వెనకవీధిలో, రెండు పడకగదుల అపార్ట్‌మెంట్‌లో ముగ్గురం ఉండేవాళ్ళం. ఆ కార్పెట్ మొదట్లో ఏ రంగులో ఉండేదో ఎవరికీ తెలియదు. మేం ఉన్నన్నాళ్ళూ అది పసుపు రంగే. తలుపు తీయగానే ఇంగువ, తడిసిన సాక్సులు, అన్నం గంజి, మూల ఎక్కడో బొటనవేలంత మిగిలిపోయిన ఊరగాయ, అన్నీ కలిసి గుప్పున ఎదురొచ్చి చేయిపట్టి లోపలికి లాగేవి. ఆ వాసన నా కోట్లకి ఎంతగా పట్టిందంటే, నాకు ఉద్యోగం వచ్చిన మొదటి నెలలో ఆఫీసు లిఫ్ట్‌లో ఒక పెద్దాయన కళ్ళు మూసుకుని, ఇక్కడెక్కడో మంచి హోటల్ ఉంది అన్నాడు. సోఫా ఎవరో వీధిలో వదిలేస్తే మోసుకొచ్చాం. దానికి మూడు కాళ్ళే. నాలుగో కాలి స్థానంలో డేటాబేస్ పాఠ్యపుస్తకం ఉండేది. ఆ పుస్తకం నాకు జీవితంలో ఉపయోగపడిన సందర్భం అదొక్కటే.

ఆ ఇంటికి పెద్ద సూర్యం అన్న. తెనాలి మనిషి. పిహెచ్‌డీ చేస్తుండేవాడు. ఎన్నేళ్ళుగా అంటే, ఆయన చేరిన ఏడాది డిపార్ట్‌మెంట్ ముందు నాటిన మొక్క నీడలో మేం బండ్లు పార్క్ చేసుకునేవాళ్ళం. పొద్దున్నే లేచి, భుజం మీద తువ్వాలు వేసుకుని, ఫ్రిజ్‌లో పాలు తీసి వాసన చూసేవాడు. డబ్బా మీద తేదీ ఇంకా వారం ఉన్నా సరే, "తేదీ రాసినవాడు మనకేమన్నా బంధువా?" అనేవాడు. ఎవరైనా తలుపు తడితే బొట్టంత కన్నంలోంచి చూసి, కిటికీలోంచి చూసి, ఫోన్ చేసి మరీ తలుపు తీసేవాడు. నేను మొదటిసారి సూట్‌కేసుతో దిగినప్పుడు కూడా "కాకినాడ నుంచి వచ్చాను" అంటే, "కాకినాడలో ఏ వీధి?" అని మొదలుపెట్టి మా ఇంటి ఎదురుగా ఉన్న ఇస్త్రీ కొట్టు పేరు చెప్పేదాకా నన్ను మెట్ల మీదే నిలబెట్టాడు. వీసా ఇచ్చిన ఆఫీసరు నన్ను రెండు నిమిషాలు కూడా అడగలేదు. ఆయన మాటల్లో సగం వాక్యాలు ఒకే సామెతతో ముగిసేవి. "నిప్పు లేనిదే పొగ రాదురా అబ్బాయ్."

అనుమానం ఎంతో పొదుపూ అంతే. ఏదీ పారేసేవాడు కాదు. పెరుగు డబ్బాలన్నీ కడిగి దాచేవాడు. మా ఫ్రిజ్‌లో పెరుగు అని రాసి ఉన్న డబ్బాలు ఒక అక్షౌహిణి ఉండేవి. పెరుగు మాత్రం వెన్న అని రాసి ఉన్న దాంట్లో ఉండేది. అనుమానం వచ్చిన వస్తువుని చెత్తబుట్టలో వేయకుండా బాల్కనీలో ఒక అట్టపెట్టెలో పెట్టేవాడు. "ఉండనీ. చూద్దాం. రేపు మంచిదని తేలితే?" అనేవాడు. ఆ పెట్టెలో మెత్తబడిన బిస్కెట్లు, ఎవరో ఇచ్చిన టార్చ్‌లైటు, నేను తెచ్చుకున్న సున్నిపిండి, అన్నీ విచారణ ఖైదీల్లా ఎదురుచూస్తూ ఉండేవి.

మూడోవాడు యాదగిరి. నల్లగొండ దగ్గర ఊరు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో లెక్క వేసుకుంటున్నట్టు ఉండేవాడు. వాడు ఇంటి నుంచి తెచ్చుకున్న ఆస్తి ఒకే ఒక్క ఎర్రగళ్ళ తువ్వాలు. అది స్నానానికి, తలగడకి, చలికి, చివరికి వంటింట్లో అగ్నిమాపక శాఖకి కూడా పనికొచ్చేది.

ఈ అగ్నిమాపక శాఖ సంగతి చెప్పాలి. మా వంటింటి కప్పుకి పొగ అలారం ఉండేది. ఇడ్లీ అంత తెల్లటి గుండ్రటి వస్తువు. అరిస్తే మాత్రం యుద్ధవిమానం వచ్చినట్టుండేది. అమెరికావాళ్ళు దాన్ని తయారుచేసినప్పుడు పోపు అనే విషయం వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. నూనెలో ఆవాలు చిటపటమన్నాయంటే, ఎండుమిరపకాయ కొంచెం నల్లబడిందంటే, ఇల్లు కాలిపోతోందని నిర్ణయించేసుకునేది. అందుకని మా ఇంట్లో పోపు పెట్టడం ఒక సైనిక చర్య. ఒకడు గరిటె. ఒకడు కిటికీలు. గిరి తువ్వాలు పట్టుకుని అలారం కింద నిలబడి, దేవుడికి వింజామర వీచినట్టు వీచేవాడు. నేను స్నానాల టోపీ ఒకటి తెచ్చి దానికి తొడిగేద్దామన్నాను. ఆ ఊళ్ళో తెలుగు కుర్రాళ్ళ ఇళ్ళల్లో సగం అలారాలు అప్పటికే టోపీలు పెట్టుకుని ఉన్నాయి. సూర్యం అన్న ఒప్పుకోలేదు. "దాని నోరు మూస్తే, నిజంగా అంటుకున్న రోజున ఎవడ్రా అరిచేది? నువ్వా? నువ్వు నిద్రలేవాలంటేనే పక్కింటివాళ్ళు కావాలి" అన్నాడు. ఒకసారి కంది పచ్చడికి పప్పు వేయిస్తుంటే నిజంగానే ఫైరింజన్ వచ్చింది. హెల్మెట్లు పెట్టుకున్న ఏడడుగుల మనుషులు లోపలికి దూసుకొచ్చి, మూకుడులోకి తొంగిచూసి, ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సూర్యం అన్న వాళ్ళని కూడా గుర్తింపు కార్డులు అడిగాడు.

గిరికి ఆ సెమిస్టర్‌లో ఒకటే ఆశ. గ్రాఫిక్స్ చెప్పే ప్రొఫెసర్ దగ్గర అసిస్టెంట్‌షిప్ ఒకటి ఖాళీ అయింది. అది దొరికితే ఫీజు గొడవ తీరుతుంది, చదువు సాగుతుంది. దొరక్కపోతే వచ్చే సెమిస్టర్ లేదు. ప్రొఫెసర్ ఒకటే మాట అన్నాడట: సొంతంగా ఏదైనా చేసి నీ వెబ్ పేజీలో పెట్టు, శుక్రవారం మధ్యాహ్నం నా గదికి రా, నీ ముందే డౌన్‌లోడ్ చేసి చూస్తాను. మిగతా కుర్రాళ్ళు గుండ్రాలు తిప్పడం, నీళ్ళలో అలలు చేయడం లాంటివి పెట్టారు. మావాడు ఆట తయారుచేశాడు. బస్సు ఆట, పేరు తువ్వాలు. ఎర్ర బస్సు దుమ్ము రేపుకుంటూ స్టాండులోకి వస్తుంది. ఇంకా ఆగదు. జనం వెంట పరిగెడతారు. నువ్వు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకోవాలి. సరిగ్గా పడితే సీటు నీది. కొంచెం అటూ ఇటూ అయితే కోళ్ళ బుట్ట మీదో, నిద్రపోతున్న ముసలాయన బట్టతల మీదో పడుతుంది. అందులో కండక్టర్ గొంతు సూర్యం అన్నది. గిరి బతిమాలితే, బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని, "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అని రికార్డు చేసి ఇచ్చాడు. తన గొంతు ఎందుకు కావాలో ముందు పదిరకాలుగా అడిగాడనుకోండి.

ఇంకో రెండురోజుల్లో శుక్రవారం అనగా, సాయంత్రం గిరి ఆటని వెబ్ పేజీలో పెట్టి ఇంటికొచ్చాడు. మాకు చూపిద్దామని మా ఉమ్మడి బీరువా కంప్యూటర్‌లోకి డౌన్‌లోడ్ చేశాడు. ఆ రోజుల్లో డౌన్‌లోడ్ అంటే పెళ్ళిచూపుల్లాంటిది. టీ పెట్టుకున్నాం, తాగాం, గ్లాసులు కడిగాం, మళ్ళీ పెట్టుకున్నాం. చివరికి ఫైలు దిగింది. గిరి దాని మీద నొక్కాడు. తెర మధ్యలో ఎర్ర డబ్బా. వైరస్!

గిరి మొహం తెల్లబోయింది. "అరె, ఏందన్నా ఇది? నేనే రాసిన. ఒక్కొక్క లైను నా చేత్తోనే రాసిన. ఇండ్ల వైరస్ యాడికెళ్ళొచ్చె?"

నేను భుజం తట్టాను. "యాంటీవైరస్‌కి బస్సు ఎక్కడం తెలియదురా. భయపడింది. నువ్వు పట్టించుకోకు."

"నీకు నవ్వులాటగుంది కాకినాడా. ప్రొఫెసర్ మెషిన్ల గూడ ఇదే యాంటీవైరస్ ఉన్నది. ఆయన నొక్కంగనే ఎర్ర డబ్బా వస్తే, నేను ఆయన కంప్యూటర్ ఖరాబ్ చేస్తందుకు వచ్చిన అనుకుంటడు. ఇగ అసిస్టెంట్‌షిప్ ఇస్తడా? గదిలకెళ్ళి బైటికి గెంటుతడు."

సూర్యం అన్న కళ్ళజోడు తుడుచుకుని, తెరకి ముక్కు ఆనేంత దగ్గరగా జరిగి చదివాడు. ఆయన భుజమ్మీద తువ్వాలు కూడా చదువుతున్నట్టు ముందుకి వాలింది. "యాంటీవైరస్ ఉత్తినే అంటుందా?" అన్నాడు. "నిప్పు లేనిదే పొగ రాదు. నువ్వు రాసేటప్పుడు ల్యాబులో ఏదో అంటుకుని ఉంటుంది. గిరీ, ఇది ప్రొఫెసర్ మెషిన్‌లో పెడితే మెయిలుకి మెయిలు పోయి డీన్ దాకా పోతుంది. ఆ తర్వాత పోలీసులు. ఆ తర్వాత విమానం. ఎకానమీ కూడా కాదు, సరుకులు పెట్టే చోట కూర్చోబెడతారు."

తెర మీద రెండు మీటలు. ఒకటి డిలీట్, ఇంకోటి విడిగా బంధించి ఉంచేది. సూర్యం అన్న చెయ్యి డిలీట్ దాకా వెళ్ళింది. నేను కళ్ళు మూసుకున్నాను. కాని ఆ చెయ్యి పెరుగు డబ్బాలు కడిగిన చెయ్యి. జీవితంలో ఏదీ పారేయని చెయ్యి. అది ఆగి, పక్క మీట నొక్కింది. "ఉండనీ. చూద్దాం" అన్నాడు. ఆ ఫైలు బాల్కనీ పెట్టెలోకి వెళ్ళినట్టు వెళ్ళింది.

మర్నాడు గిరి మూడుకాళ్ళ సోఫాలో పడుకుని కప్పు వంక చూస్తూ ఉన్నాడు. క్లాసుకి పోలేదు. మధ్యాహ్నం నేను టమాటా పప్పు చేశాను. వంటింటి మీద నాకు అప్పటికి పెద్ద పట్టు లేదుగాని దుఃఖంలో ఉన్నవాడికి పప్పు పెట్టాలని మాత్రం తెలుసు. నూనె కాగింది, ఆవాలు వేశాను, ఇంగువ వేశాను. కిటికీ తీయడం మరిచిపోయాను. అంతే, కప్పు మీది ఇడ్లీ గొంతు చించుకుంది. అలవాటుగా ఇద్దరం గిరి వంక చూశాం. వాడు కదల్లేదు.

సూర్యం అన్నే లేచాడు. గిరి తువ్వాలు లాక్కుని, అలారం కింద ఎగిరెగిరి వీచడం మొదలుపెట్టాడు. ఆయన పొట్టి. తువ్వాలు పొడుగు. ప్రతి విసురుకీ తువ్వాలు కొస వచ్చి ఆయన మొహం మీదే కొట్టేది. "ఏమీ లేదే తల్లీ! పోపే! ఉత్త పోపే!" అని దాన్ని బతిమాలుతున్నాడు.

సోఫాలోంచి గిరి గొంతు వినిపించింది. చాలా నెమ్మదిగా. "నిప్పు లేనిదే పొగ రాదు కద, అన్నా."

తువ్వాలు గాలిలోనే ఆగిపోయింది. అలారం కూడా సిగ్గుపడినట్టు ఆగింది. సూర్యం అన్న తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి గిరి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. సోఫా ఆయన వైపుకి ఒరిగింది. ఎవరితోనో చెబుతున్నట్టు మొదలుపెట్టాడు.

"నేను మొదటిసారి వచ్చినప్పుడు మా అమ్మ ఆవకాయ కట్టిచ్చిందిరా. కారుతుందని భయం. సీసాకి కవరు, కవరుకి కవరు, దాని మీద టేపు, ఆ పైన గుడ్డ కట్టి సూదితో కుట్టింది. మళ్ళీ స్టీలు డబ్బాలో పెట్టి డబ్బాకి టేపు. కొబ్బరికాయంత ఆవకాయ గుమ్మడికాయంత మూటయింది. ఇక్కడ దిగితే మిషన్‌లో నల్లటి ముద్దలా కనబడిందిట. ఆఫీసరు వచ్చాడు, ఇంకో ఆఫీసరు వచ్చాడు, కుక్క వచ్చింది. నన్ను పక్కగదిలో కూర్చోబెట్టారు. కత్తి తెచ్చి కోస్తున్నారు, కోస్తున్నారు, ఎంతకీ తరగదు. అంత మూట కట్టావంటే లోపల ఏదో ఉందనేగా వాళ్ళ అనుమానం. చివరికి సీసా మూత తీశారు. ఆఫీసరు వాసన చూసి పదిసార్లు తుమ్మి, వెళ్ళమన్నాడు. ఆవకాయ తప్పేం లేదురా. మూట తప్పు. అమ్మ అంత గట్టిగా కట్టకపోతే కుక్క కూడా నా వంక చూసేది కాదు."

గిరి లేచి కూర్చున్నాడు. సోఫా ఇటు వైపు ఒరిగింది. "అన్నా... నేను గూడ మూట కట్టిన."

"ఏవిటి?"

"వెబ్ పేజీకి మనకిచ్చిన జాగ అగ్గిపెట్టంత. ఆట పట్టలే. అందుకని ఒక ప్రోగ్రాం పెట్టి మొత్తం గుంజి గుంజి కుదించిన. లోపల ఏమున్నదో యాంటీవైరస్‌కు కనబడదు. వైరస్ రాసెటోళ్ళు గూడ గట్లనే మూట గడ్తరు. మూటను చూసి భయపడ్డదన్నా అది! నా ఆటను చూసి గాదు!"

పప్పు అక్కడే వదిలేసి ముగ్గురం ల్యాబుకి పరిగెత్తాం. నేను గరిటెతో సహా పరిగెత్తాను. గిరి మూట విప్పి, ఆటని ఉన్నదున్నట్టుగా మళ్ళీ తయారుచేశాడు. ఎర్ర డబ్బా రాలేదు. రాలేదంటే రాలేదు. నేను గరిటె ఎత్తి నాట్యం చేశాను. అయితే విప్పిన ఆట మూడింతలైంది. గిరి పేజీలో పట్టదు. నా పేజీ కూడా అగ్గిపెట్టే. అంత జాగా ఉన్నది ఒక్క పిహెచ్‌డీ వాళ్ళకే.

ఇద్దరం సూర్యం అన్న వంక చూశాం. ఆయన పేజీ మాకు తెలుసు. అందులో ఆయన సూటు వేసుకున్న ఫొటోలు, గోత్రం, నక్షత్రం, ఎత్తు (దాంట్లో రెండంగుళాలు అబద్ధం), నచ్చే వంటకాలు, జీవితాశయం ఉండేవి. తెనాలి నుంచి వాళ్ళ అమ్మ పెళ్ళి సంబంధాలవాళ్ళందరికీ ఆ పేజీ చిరునామాయే ఇచ్చేది. పైగా అక్కడ ఆట పెడితే ఆయన పేరు మీద పెట్టినట్టే. ఏదైనా తేడా వస్తే ప్రొఫెసర్ ముందు నిలబడేది ఆయన, ఇన్నేళ్ళ పిహెచ్‌డీ.

సూర్యం అన్న కళ్ళజోడు తీసి తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. "సూటు ఫొటో ఒక్కటి ఉంచి మిగతావి తీసెయ్" అన్నాడు. "నా పేరు మీదే పెట్టు. లింకు ప్రొఫెసర్‌కి నేనే పంపిస్తాను."

"అన్నా, స్కాన్ గిట్ల జేసుకుంటవా ముందుగాల?" అన్నాడు గిరి.

"చెయ్యకుండా ఎలా ఊరుకుంటాన్రా? నాలుగుసార్లు చేస్తా. చేసి పెడతా."

శుక్రవారం నేనూ సూర్యం అన్నా ప్రొఫెసర్ గది బయట నిలబడ్డాం. లోపల గిరి. తలుపు వేసి ఉంది. నేను దేవుళ్ళందరినీ తలుచుకున్నాను, చిన్నప్పుడు మా వీధి చివర ఉన్న మైలురాయిని కూడా వదల్లేదు. కొంతసేపటికి లోపలి నుంచి ఈల వినబడింది, ఆ వెంటనే సూర్యం అన్న గొంతు. "ముందుకి జరగండి, ముందుకి జరగండి." బయట నిలబడ్డ సూర్యం అన్న తన మాటకి తనే ఒక అడుగు ముందుకి జరిగాడు. మళ్ళీ ఈల. మళ్ళీ ఆ గొంతు. ఇంకోసారి, ఇంకోసారి. ప్రొఫెసర్ ఆడుతూనే ఉన్నాడు. తలుపు తెరిచేసరికి ఆయన తెల్లజుట్టంతా రేగి ఉంది. ఎవరి బట్టతల మీదో తువ్వాలు వేసిన మనిషిలా అపరాధభావంతో నవ్వుతున్నాడు. మీ ఊళ్ళో నిజంగా ఇలాగే చేస్తారా, గుడ్డ వేస్తే ఎవరూ తియ్యరా అని గిరిని అడిగాడు. తియ్యరు సార్, అది వేసినోని సీటే అన్నాడు గిరి. అయితే వచ్చే వారం నుంచి నా పక్క టేబుల్ మీద నీ తువ్వాలు వేసుకో అన్నాడాయన. అసిస్టెంట్‌షిప్ వచ్చిందని అర్థం కావడానికి గిరికి కొంచెం సమయం పట్టింది. సూర్యం అన్నకి వెంటనే అర్థమైంది. కాని రాతపూర్వకంగా వచ్చేదాకా నవ్వలేదు.

ఇదంతా నీహారికకి చెబుతుంటే, అది గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది. మధ్యలో ఫోన్ చూడలేదు, అదే నాకు ఆ రోజు జరిగిన అద్భుతం. ఇప్పుడు అది పళ్ళు తోముకునేలోపు మా ఉమ్మడి బీరువాలాంటివి వంద నిండిపోయేంత ఆట దిగిపోతుంది. టీ పెట్టుకునే తీరిక కూడా ఇవ్వదు. ఎర్ర డబ్బా మాత్రం మారలేదు. పూర్వం అది వచ్చినప్పుడు వాదించడానికి ఇంట్లో ఒక సూర్యం అన్న ఉండేవాడు. ఇప్పుడు అది వస్తే పిల్లలు ఒంటరిగా ఒక మీట నొక్కి, మంచీ చెడూ ఏదో ఒకటి పారేసి ముందుకి పోతారు. బంధించి ఉంచి, రేపు మంచిదని తేలితే అనుకునే బాల్కనీ పెట్టె లేదు. అలా అని ఆ రోజులే గొప్పవని నేననను. ఆ కార్పెట్ మీద మళ్ళీ పడుకోమంటే పారిపోతాను. మా అమ్మాయి ఆ డబ్బాకి భయపడి చటుక్కున నొక్కబోయి, నా అరుపుకి ఆగి, ఎందుకు అని అడిగింది. అడిగే పిల్ల ఉంటే ఏ కాలమైనా ఫరవాలేదు.

"మరి ఈ ఫైలు?" అంది. "ఇది మూట విప్పిందా, కట్టిందా?"

"కట్టిందే. ఆ రోజు సూర్యం అంకుల్ బంధించినదే. తర్వాత విడిపించి దాచుకున్నాం."

"సో ఇది సేఫ్ అని నీకెలా తెలుసు? ఇరవై ఏళ్ళలో ఏమన్నా అయ్యుండొచ్చు కదా?" అంది. సూర్యం అన్న నా ఇంట్లో పుట్టాడా అనిపించింది. "సూర్యం అంకుల్‌ని అడుగుదాం" అన్నాను.

సూర్యం అన్న ఇప్పుడు జార్జియాలో, కమ్మింగ్‌లో ఉంటాడు. ఆ సూటు ఫొటో ఒక్కటే చూసి ఒప్పుకున్న వదినతో, గదికొక అలారం ఉన్న ఇంట్లో. కథ చెబుతుండగా ఉడికిన పప్పుకి సన్నసెగ మీద పోపు పెట్టి వచ్చి కాల్ చేశాను. వీడియో కాల్ తీయగానే ముందు నుదురు కనబడింది, తర్వాత కళ్ళజోడు. నీహారిక తెర చూపించింది. ఆయన ఫోన్‌ని ముక్కు దాకా తెచ్చుకుని ఎర్ర డబ్బాని చదివాడు.

"ఇంకా అదే కేసా?" అన్నాడు. "గిరికి చెప్పారా? వాడు శాన్ రామన్‌లో పెద్ద ఆటలు చేస్తున్నాడు, ఇది చూస్తే ఏడుస్తాడు."

"అంకుల్, రన్ చెయ్యొచ్చా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడమ్మా, పొగ వచ్చిన ప్రతిచోటా నిప్పుండదు. ఒక్కోసారి పోపుంటుంది. ఇది పోపే, నాకు తెలుసు. రన్ చెయ్" అన్నాడు. ఆయన నోటంట ఆ మాట విన్న మానవులు ఈ భూమ్మీద మేమిద్దరమే. గర్వపడేలోపే, "వైఫై ఆపి చెయ్. ఆ లాప్‌టాప్‌లో మీ ఇంటి ముఖ్యమైనవేమీ లేవు కదా? వైఫై ఆపావా? ఏదీ చూపించు" అన్నాడు.

నీహారిక వైఫై ఆపి, చూపించి, అనుమతి ఇచ్చింది. దుమ్ము లేచింది. ఎర్ర బస్సు వంకరగా, చతురస్రాల చక్రాలతో వచ్చింది. మా అమ్మాయి తువ్వాలు విసిరితే కోళ్ళ బుట్టలో పడింది. "ముందుకి జరగండి" అని లాప్‌టాప్‌లోంచి పడుచు సూర్యం అన్న అరిచాడు. ఫోన్‌లోంచి నెరిసిన సూర్యం అన్న, "ఇంకొంచెం ఎడమకి, ఎడమకి వెయ్యమ్మా!" అని అరిచాడు. మూడోసారికి తువ్వాలు కిటికీ పక్క సీటు మీద సరిగ్గా పడింది. నీహారిక గెంతింది.

సరిగ్గా అప్పుడే మా వంటింట్లో పొయ్యి మీద నేను మరిచిపోయిన పోపు గుర్తొచ్చింది. నాకు కాదు, కప్పు మీది అలారానికి. ఇప్పటి అలారాలు అరిచి ఊరుకోవు, మాట్లాడతాయి. వంటింట్లో పొగ ఉందని ఒక అమెరికా ఆవిడ గొంతుతో ఇల్లంతా ప్రకటించింది, నా ఫోన్‌కి, మా ఆవిడ ఫోన్‌కి కబురు పంపింది. మా ఆవిడ షాపింగ్‌లోంచే తిట్టడానికి ఫోన్ చేసింది. నేను లేచేలోపే నీహారిక పరిగెత్తింది. పొయ్యి వంక తొంగిచూసి మంట ఆపింది. నల్లబడిన ఆవాలు తప్ప ఏమీ లేదని చూసుకుంది. అప్పుడు కిటికీ తీసి, కుర్చీ ఎక్కి, స్టవ్ పక్కన వేలాడుతున్న తువ్వాలు అందుకుని అలారం కింద వీచడం మొదలుపెట్టింది. దానికి ఎవరూ నేర్పలేదు.

"డోంట్ వర్రీ!" అని అలారానికి సర్ది చెప్పింది. "చూశాను. పోపే!"